మోడల్ ముందా, లెక్క ముందా?

2016 అక్టోబర్‌లో ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడివడిన జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో బడిపిల్లలు ఇప్పుడు సెన్సర్లు, చిన్న కంప్యూటర్ బోర్డులు చేతపట్టుకుంటున్నారు. మీట నొక్కితే బదులిచ్చే వస్తువులను, మాట వింటే కదిలే వస్తువులను తామే ఊహించి, నమూనా కట్టి చూపిస్తున్నారు. ఈ విద్య ఏ కొస నుంచి మొదలవ్వాలన్నది ఇక్కడ వాదం. మేనమామ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైనవారు. మేనకోడలు హైదరాబాద్‌లో డిజైన్ చదివి, ఈ మూడు జిల్లాల బడులు తిరిగి పిల్లలకు నమూనాలు చేయడం నేర్పుతోంది. వనపర్తి మార్కెట్ యార్డుకు పల్లికాయ వచ్చే రోజుల్లో ఇద్దరూ ఇలా మాట్లాడుకున్నారు.

మేనమామ: నీ పిల్లలు చేసిన తేమ మీటరు చూసిన బిడ్డా. రెండు మేకులు, ఒక ఆర్డ్యునో బోర్డు, మూడు లైట్లు. పల్లికాయల నడుమ మేకులు పెడితే పచ్చ లైటు వెలిగింది. చూసినోళ్లు మెచ్చుకున్నరు. నేను ఒక్కటే అడిగిన: పచ్చ వెలిగితే తేమ ఎంత శాతం ఉన్నట్టు? చేసిన పిల్లకు తెల్వదు. ఎంత దాటితే ఎరుపు రావాలె అంటే, “ఆ అంకె మేమే పెట్టినం సార్” అన్నది. ఆ లైటును నమ్మి ఒక రైతు కాయను బస్తాలకెత్తితే ఏమైతది? తేమ 8, 9 శాతానికి దిగకముందే మూట కడితే బూజు పడతది. ఆ బూజుల నుంచే అఫ్లటాక్సిన్ అనే విషం పుడతది. పిల్లకు అది ఒక లైటు, రైతుకు అది ఏడాది పంట.

మేనకోడలు: ఆ అంకె తప్పే మామా, కాదనను. కాని ఆ పిల్ల ఏం నేర్చుకున్నదో నువ్వు అడగలే. మీటరు కట్టకముందు మేం అట్టముక్కల మీద మీటరు బొమ్మలు గీసి యార్డుకు తీస్కపోయినం. ఒక అట్ట మీద “11 శాతం” అని అంకె, ఇంకో అట్ట మీద మూడు రంగులు. రైతుల చేతుల పెట్టి, “ఇది ఇట్ల చూపిస్తే నువ్వేం చేస్తవు?” అని పిల్లలే అడిగిండ్రు. అంకె చూసిన ఒక పెద్దాయన, “అయితే ఇయ్యాల అమ్మాల్నా, ఇంకో దినం ఎండబొయ్యాల్నా?” అని తిరిగి వాళ్లనే అడిగిండు. రంగులు చూసిన ఇంకొకాయన, “పచ్చ వచ్చిందని నేను చెప్తే అడ్తిదారు ఒప్పుకుంటడా? ఆయనకు అంకె చూపాలె” అన్నడు. మీటరు ఒక్కటే, దాన్ని చదివేటోళ్లు ఇద్దరు, ఇద్దరికీ కావాల్సింది వేరు. ఆ సంగతి మాకు ఏ పుస్తకంలనూ దొరకలే.

మేనమామ: అడిగితే తెలిసింది, మంచిదే. దానికి చదువు అని పేరెందుకు? యార్డుల పదేండ్లు తిరిగిన హమాలీకి కూడ ఆ సంగతి తెలుసు. ఇంజినీరు పని అక్కడినుంచి మొదలు. నీటికి డైఎలక్ట్రిక్ కాన్‌స్టెంట్ 80 దరిదాపుల ఉంటది, ఎండిన గింజకు అందుల పదో వంతు కూడ ఉండదు. రెండు పలకల నడుమ కాయ పోస్తే, తేమ పెరిగినకొద్దీ కెపాసిటెన్స్ పెరుగుతది. మంచి మీటర్లు ఆ తేడా మీద నడుస్తయి. కాని అదే కాయను వదులుగ పోస్తే ఒక అంకె, కుదించి పోస్తే ఇంకో అంకె. పొద్దున చల్లల ఒకటి, మిట్టమధ్యాహ్నం ఒకటి. నీ పిల్లలు మేకుల నడుమ రెసిస్టెన్స్ చూసిండ్రు. మేకు పొట్టుకు తగిలిందా, గింజకు తగిలిందా అన్నదాన్ని బట్టి అది మారుతది. 100 గ్రాముల కాయ తూచి, ఓవెన్ల పూర్తిగ ఆరబెట్టి, మళ్ల తూస్తే 91 గ్రాములొచ్చిందనుకో, తేమ 9 శాతం. అట్ల తడివి, ఎండినవి, నడిమివి ఎన్నో నమూనాలు తూచి, మీటరు చూపే అంకె పక్కన రాసి గ్రాఫు గీయాలె. ఆ గ్రాఫు లేనిదే లైటుకు అర్థం లేదు.

మేనకోడలు: గ్రాఫు కావాలె. ఎప్పుడన్నదే మన తగువు. నువ్వు మూడు నెలలు సర్క్యూట్లు చెప్పి, గ్రాఫు గీయించి, ఆఖర్న యార్డుకు పంపుతనంటవు. అప్పటికి డబ్బా తయారైపోయి ఉంటది. చేసినోళ్లకు దాని మీద మమకారం పెరిగి ఉంటది. రైతు వద్దన్నా మార్చబుద్ధి కాదు. అట్టముక్కనైతే ఆయన ముందే చించేసి ఇంకోటి గీస్తరు. 1996ల అమెరికాల పామ్ పైలట్ అని జేబుల పట్టే కంప్యూటర్ వచ్చింది. దాన్ని ఊహించిన జెఫ్ హాకిన్స్ మొదలు ఒక చెక్కముక్కను ఆ సైజుకు కోయించి చొక్కా జేబుల పెట్టుకొని తిరిగిండు. ఎవరన్న మీటింగ్ గురించి అడిగితే చెక్క తీసి, పుల్లతోని దాని మీద రాసినట్టు చేసేటోడు. జేబుల ఇముడుతదా, ఏ పనికి మాటిమాటికి తీయాల్సొస్తది, ఏది నొక్కబుద్ధి అయితది, ఇవన్ని ఒక్క చిప్పు కొనకుండ తెలుసుకున్నడు.

మేనమామ: హాకిన్స్ పేరు చెప్పి నన్ను ఒప్పించలేవు. చెక్క పట్టుకునే నాటికి ఆయన పెన్నుతోని రాసే గ్రిడ్‌ప్యాడ్ కంప్యూటర్‌ను 1989లనే చేసి ఉన్నడు. ఆ చెక్క సైజుల ఏ చిప్పు పడతదో, బ్యాటరీ ఎంతసేపు ఆగుతదో ఆయన తలకాయల ఉన్నది. ఎనిమిదో తరగతి పిల్ల పట్టుకున్న చెక్కల ఏమున్నది?

మేనకోడలు: ప్రశ్న ఉన్నది. యంత్రం తయారుగాకముందే ప్రశ్నను పరీక్షకు పెట్టొచ్చు మామా. మాట్లాడితే టైపు చేసే యంత్రం ఉంటే జనం వాడతరా అని 1980ల మొదట్ల ఐబీఎంల జాన్ గౌల్డ్, ఆయన తోటోళ్లు చూడాలనుకున్నరు. అప్పటికి అట్లాంటి యంత్రం లేదు. కనపడకుండ ఇంకో గదిల టైపిస్టును కూసోబెట్టిండ్రు. ఇటు మనిషి మైకుల ఉత్తరం చెప్తడు, అటు టైపిస్టు కొడతరు, ఇతని తెర మీద అక్షరాలు పడతయి. యంత్రానికి వెయ్యి మాటలే తెలిస్తే ఏమైతది, ఒక్కో మాట ఆగి ఆగి చెప్పాల్సొస్తే మనిషి ఓర్చుకుంటడా, అన్ని చూసి 1983ల అచ్చు వేసిండ్రు. యంత్రం పుట్టకముందే దాని మంచి చెడ్డలు కొన్ని బయటపడ్డయి.

మేనమామ: ప్రశ్న అడిగింది టైపిస్టును కూసోబెట్టి. జవాబు తెచ్చిందెవరు? చిత్తూరు జిల్లా కాటూరుల పుట్టిన రాజ్‌రెడ్డి సార్ 1960లల స్టాన్‌ఫర్డ్‌ల మాటను గుర్తుపట్టే ప్రోగ్రాముల మీద పని మొదలుపెట్టిండు. కార్నెగీ మెలన్‌ల ఆయన, ఆయన శిష్యులు దశాబ్దాలు కూసున్నరు. 1994ల ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఇయ్యాల నువ్వు ఫోన్ల తెలుగుల మాట్లాడితే అక్షరాలు పడుతున్నయంటే వెనక అట్లాంటి లెక్క ఉన్నది. నీ అట్టముక్కల చదువుల అంత సేపు కూసునే పిల్ల ఎక్కడ తయారైతది?

మేనకోడలు: ఎందుకు కూసోవాలెనో తెలిసిన పిల్లనే కూసుంటది. యార్డుల ఆ రైతు ప్రశ్న విన్నంకనే మా పిల్ల “మేకు గుచ్చితే ఒక్కోసారి ఒక్కో అంకె ఎందుకొస్తుంది అక్కా?” అని అడిగింది. ముందే నేను డైఎలక్ట్రిక్ పాఠం చెప్పుంటే నోట్సుల రాసుకొని ఊకునేది.

మేనమామ: అడిగినప్పుడు ఏం చెప్పినవ్?

మేనకోడలు: నాకు రాదని చెప్పిన. మా మామ దగ్గరికి పోదామన్న.

మేనమామ: అదే నా బాధ. ఆ ప్రశ్న దగ్గర కూసోబెట్టి నేర్పేటోళ్లు బడిల లేరు. ఆర్డ్యునో సంగతే చూడు. 2005ల ఇటలీల ఇవ్రియా అనే ఊర్ల, డిజైన్ చదివే పిల్లల కోసం మొదలైంది. ఎలక్ట్రానిక్స్ రానోళ్లు కూడ ఒక పూటల లైటు వెలిగించాలని చేసిండ్రు. ఆ పని బాగనే చేస్తది. కాని లోపల జరిగేదంతా కప్పేస్తది. ఎవరో రాసిన నాలుగు లైన్లు తెచ్చి అతికిస్తే నడుస్తది. ఆగిపోతే ఎందుకు ఆగిందో చెప్పేటోడు ఉండడు. 2016ల మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు దేశంల 10,000 బడులకు చేరినయి. ఒక్కోదానికి 20 లక్షల దాకా ఇస్తరు. 2025 బడ్జెట్ల ఇంకో 50,000 సర్కారు బడులకన్నరు. నేను చూసిన ఒక బడిల త్రీడీ ప్రింటర్ మీద కప్పిన గుడ్డ తీయలే. ఇంకో బడిల చెయ్యి అడ్డం పెడితే మూత తెరుచుకునే చెత్తబుట్ట చూపిచ్చిండ్రు. ఏ ప్రదర్శనకు పోయినా అదే చెత్తబుట్ట.

మేనకోడలు: ఆ చెత్తబుట్టను ఎవరూ అడగలే మామా, అందుకే ఎక్కడ చూసినా ఒక్కతీరుగ ఉంటది. కిట్టు డబ్బాల వచ్చిన పుస్తకంలనే సమస్య కూడ అచ్చేసి వస్తే పిల్ల ఊర్లకు పోవాల్సిన పనేమున్నది? చింతకింది మల్లేశం సంగతి తీస్కో. ఆలేరు పక్కన శారాజీపేట, చదివింది ఆరో తరగతి. పోచంపల్లి తీరు చీరకు ఆసు పోయాలంటే, అంటే నేసేముందు పోగు చుట్టాలంటే, వాళ్లమ్మ లక్ష్మి దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పాలె, ఒక్క చీరకు. భుజం నొప్పితోని అమ్మ ఇక చెయ్యలేనంటే ఆయన యంత్రం మొదలుపెట్టిండు. 1992ల మొదలు, 1999ల యంత్రం నడిచింది. ఒక చీరకు నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నరకు దిగింది. 2017ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. ఆయన ఏ లెక్కతోని మొదలుపెట్టిండు? అమ్మ భుజంతోని.

మేనమామ: నువ్వు చెప్పిన ఏండ్లనే మళ్ల చదువు. 1992 నుంచి 1999. ఏడేండ్లు. చెయ్యి ఎట్ల కదలాలె, పోగు ఎట్ల చుట్టుకోవాలె, ఎక్కడ ఆగాలె, ఒక్కోటి విడగొట్టి, ఒక్కో తిప్పలకు ఒక్కో జవాబు వెతుక్కున్నడు. ఆయన చదివింది మెకానిక్సే, తరగతి గది లేకుండ చదివిండు. నీ వర్క్‌షాపు రెండు దినాలు. మూడో దినం సర్టిఫికెట్. మల్లేశం రెండో దినం ప్రదర్శన పెట్టి ఊకుంటే ఆ యంత్రం ఉండేదా?

మేనకోడలు: ఉండేది కాదు. రెండు దినాలది చదువు కాదని నేనూ ఒప్పుకుంట. బడి సమయం ఇయ్యలేదని అట్ల చేసిన. అది నా వాదనకు బలం కాదు. కాని ఒకటి చూడు: ఆ ఏడేండ్లల పరీక్ష పెట్టింది వాళ్లింట్లనే ఉన్నది. సగం యంత్రం చేసినా చూసి చెప్పే అమ్మ ఎదురుంగ ఉన్నది. మనం పిల్లలకు ఇయ్యాల్సింది ఆ అమ్మలాంటి మనిషిని, ఆ ఏండ్లను, రెండూ.

మేనమామ: ఇప్పుడు దారికొచ్చినవ్. మరి నా దిక్కునుంచి ఒకటి విను. మన బోర్ల కాడ ఆటో స్టార్టర్లు గుర్తున్నయా? కరెంటు ఏ రాత్రి వస్తదో తెల్వని కాలంల రైతు చీకట్ల పోయి స్టార్టర్ డబ్బా ముట్టుకోవాలె. పాము కరిచి పోయినోళ్లున్నరు, షాకు కొట్టి పోయినోళ్లున్నరు. కరెంటు రాంగనే దానంతటదే మోటరు నడిపే డబ్బా వచ్చింది. సర్క్యూటు చిన్నది, ఊర్ల మెకానిక్కే బిగించేటోడు. ఏ డిజైనరూ యార్డుల తిరగలే, ఏ అట్టముక్కా చూపలే. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో.

మేనకోడలు: కథ అక్కడ ఆపకు మామా. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినంక ఏమైంది? మనిషితోని పనిలేకుండ మోటరు నడుస్తనే ఉంటది. మడి నిండినా నడుస్తది. బోర్లు ఎండుతయని సర్కారే ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ఊరూరు తిరిగి చెప్పింది. డబ్బాకు కరెంటు వచ్చిందని తెలుసు, మడి నిండిందని తెల్వదు. రైతుకు ఏదీ చెప్పదు, రైతు మాట వినదు. అందుకే తర్వాత ఫోన్‌తోని నడిపే స్టార్టర్లొచ్చినయి. పుణెల సంతోష్ ఓస్త్వాల్ చేసిన నానో గణేష్ అట్లాంటిదే. ఇంటికాడ కూసొని ఫోన్ చేసి మోటరు వెయ్యొచ్చు, ఆపొచ్చు. దాంట్ల కష్టమైన పని మోటరు వేసుడు కాదు. ఇంటికాడ ఉన్నోనికి మోటరు నిజంగ నడుస్తుందా, నీళ్లు పడుతున్నయా అని నమ్మకం కలిగించుడు కష్టం. బోరు కాడ నిలబడ్డోనికి మోటరు చప్పుడే అన్ని చెప్తది. ఫోన్ల ఆ చప్పుడు లేదు.

మేనమామ: ఆ నమ్మకం ఎక్కడినుంచి తెస్తవు? తీగల పారే కరెంటు కొలవాలె. మూడు ఫేజులల ఒకటి పోతే మోటరు గుర్రుమని కాలిపోతది. నీళ్లు లేక ఉత్తగ తిరిగితే కరెంటు తగ్గుతది. ఈ రెండింటి తేడా తెలిసినోడే “నీళ్లొస్తున్నయి” అని రైతుకు నిజం చెప్పే డబ్బా చెయ్యగలడు. చప్పుడు లేదని నువ్వు కనిపెట్టినవ్. చప్పుడుకు బదులు ఏం పెట్టాలెనో నా పాఠంల ఉన్నది.

మేనకోడలు: ఒప్పుకున్న. నీ పాఠం లేకుంటే నా ప్రశ్న గాల్లనే ఉంటది. నా ప్రశ్న లేకుంటే నీ పాఠం కరెంటు వచ్చిందని మాత్రమే చెప్తది.

మేనమామ: ఇంకో సంగతి ఉన్నది, ఇది నాకు అన్నిటికన్న పెద్దది. మొరటు నమూనాను పేదోళ్ల చేతుల పెట్టి చూద్దాం అంటవు. రేషన్ దుకాణంల వేలిముద్ర మిషన్ పెట్టినప్పుడు చూసిన. మట్టి మోసి, రాయి కొట్టి, దేశమంతా ప్రాజెక్టుల పనులకు వలసపోయి వచ్చిన పాలమూరు చేతులు. గీతలరిగిపోయినయి. మిషన్ వాళ్లను వాళ్లు కాదన్నది. ముసలోళ్లు మళ్ల మళ్ల వేలు తుడుచుకొని పెట్టిండ్రు. తప్పు మిషన్‌ది, సిగ్గుపడ్డది మనిషి. తర్వాత కంటిపాప చూసే పరికరం తెచ్చిండ్రు, నిజమే. నడుమ తిరిగి తిరిగి అలసినోళ్లకు ఎవరు జవాబు చెప్తరు? సగం చేసిన వస్తువును జనం మీద పరీక్షించుడంటే నాకు అది గుర్తొస్తది.

మేనకోడలు: అది నమూనాగ రాలే మామా, పూర్తయిన యంత్రమని వచ్చింది. వాడుకలకు దింపకముందు అట్లాంటి పది మంది చేతులను దాని మీద పెట్టి చూసుంటే మొదటి దినమే తెలిసేది. కాని నీ మాటల ఉన్న నీతి నాకు పట్టింది. పరీక్షకు తెచ్చిన వస్తువని ముందే చెప్పాలె. దాన్ని నమ్మి ఎవరూ కాయ అమ్మొద్దు, ఎవరికీ బియ్యం ఆగొద్దు. పనిచెయ్యకుంటే తప్పు వస్తువుదే అని ఆ మనిషికి మొదలే చెప్పాలె. ఇది పిల్లలకు సర్క్యూట్ కన్న ముందు నేర్పాల్సిన పాఠం.

మేనమామ: దాన్ని రాసిపెట్టు. సరే, నువ్వు గద్వాలకు ఎందుకు పోతున్నవో చెప్పు. అక్కడ మగ్గానికి కంప్యూటర్ పెడతమన్న మాట విన్న.

మేనకోడలు: పెట్టలే. పెట్టొద్దని తెలుసుకున్నం. గద్వాల చీరకు నడుమ నూలు, అంచులు, కొంగు పట్టు. 2010ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంచుకు వేరే నాడె, నడుమకు వేరే నాడె. ఒక్కో పేకకు రెండు పోగులు ఒకదాన్నొకటి పట్టుకొని కలవాలె. దాన్నే కుట్టు అంటరు. మా పిల్లలు డిజైన్ల ఎన్నో వరుస నడుస్తుందో చూపే ఫోన్ యాప్ బొమ్మ గీసి పోయిండ్రు. మగ్గం పక్కన ఒక పూట కూసున్నరు. నేసేటామె చేతులు రెండూ నాడెల మీద, కాళ్లు తొక్కుడు మీద, కన్ను కుట్టు మీద. తెర చూసేందుకు కన్ను లేదు, నొక్కేందుకు వేలు లేదు. మిగిలింది చెవి ఒక్కటే. అది కూడ ఖాళీగ లేదు, మగ్గం చప్పుడుల తేడా వస్తే పోగు తెగిందని ఆమెకు అట్లనే తెలుస్తది. పిల్లలు యాప్‌ను అక్కడనే కొట్టేసిండ్రు. హైదరాబాద్ రాయదుర్గంల 2023 మార్చిల తెరిచిన టీ-వర్క్స్ ఉన్నది, నమూనాలు తయారుచేసుకునే కేంద్రం, 78,000 చదరపు అడుగులు. బోర్డు కావాల్నంటే బోర్డు, లోహపు పని కావాల్నంటే అది. మంచి చోటు, పోవాలె. కాని గద్వాల నేతామె అక్కడ కూసొని ఉండదు.

మేనమామ: కొట్టేసిండ్రా? ప్రదర్శనల పెట్టలే?

మేనకోడలు: పెట్టలే.

మేనమామ: అయితే ఆ పిల్లలకు చదువు వస్తుంది. పనికిరాదని తేలినదాన్ని వదులుకునుడు మా ల్యాబుల నేను నేర్పలేకపోయిన. మా దగ్గర ప్రయోగం ఫలితం ముందే రికార్డుల ఉండేది. పిల్లలు దాని దగ్గరికి వచ్చేటట్టు అంకెలు దిద్దేటోళ్లు. కాని వరుస విషయంల నేను దిగను. బేసిక్స్ ముందు.

మేనకోడలు: నేనూ దిగను. యార్డు ముందు. ఇంటింటా ఇన్నోవేటర్ అని 2019 నుంచి పంద్రాగస్టుకు జిల్లా కేంద్రాలల నమూనాలు పెడుతున్నరు కదా. అక్కడ ప్రతి బల్ల కాడ నేను రెండు ప్రశ్నలే అడుగుత: దీన్ని ఎవరు వాడి చూసిండ్రు, వాళ్లు చెప్పినంక ఏం మార్చినవ్?

మేనమామ: మూడోది నాది: ఇది ఎంత తప్పు చూపిస్తది, ఆ సంగతి నీకెట్ల తెలుసు?

మేనకోడలు: అయితే వాదన ఆపి, దీన్నే పరీక్షకు పెడదాం. రెండు బడులు తీస్కుందాం. ఇద్దరమూ తేమ మీటరే చేయిద్దాం. ఒక బడిల నీ వరుస: సర్క్యూటు, తూకం, ఓవెన్, గ్రాఫు, ఆఖర్న యార్డు. ఇంకో బడిల నా వరుస: యార్డు, అట్టముక్క, మళ్ల యార్డు, అప్పుడు నీ గ్రాఫు. యాసంగి కాయ వచ్చేదాక సమయం ఇద్దాం. రెండు దినాల పని వద్దు.

మేనమామ: గెలుపు దేనితోని కొలుస్తం?

మేనకోడలు: నువ్వే చెప్పు.

మేనమామ: ఓవెన్ చెప్పిన శాతానికి, మీటరు చెప్పినదానికి తేడా ఎంత. అది నా కొలత. పొద్దున, మధ్యాహ్నం, వదులుగ పోసి, కుదించి పోసి, నాలుగు తీర్ల చూడాలె.

మేనకోడలు: నా కొలత: ఎవరూ పక్కన నిలబడి చెప్పకుండ, రైతు దాన్ని చూసి అమ్మాల్నా, ఎండబొయ్యాల్నా సరిగ్గ తేల్చుకున్నడా. అడ్తిదారు ఆ అంకె ఒప్పుకున్నడా.

మేనమామ: రాసుకో. ఇంకొకటి కలుపు: మరుసటి ఏడు కాయ వచ్చినప్పుడు మళ్ల పోయి, ఆ మీటరు ఇంకా ఎవరి ఇంట్లనన్న వాడుతున్నరా చూడాలె. చెడిపోయి ఉంటే ఆ పిల్లలే బాగుచెయ్యాలె. ఆ మూడూ నిలిచిన బడి ఏదైతే, దాని వరుసను రెండో బడిల నేను నేర్పుత, అది నీదైనా సరే.